పసుపు చాటున దాచిన కామెర్లు

నా కళ్లు మళ్లీ తెల్లబడ్డాయి. అయినా పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకోవడం మానలేకపోతున్నాను. మా ఆయన లింగయ్య చూసి, "ఇంకెన్ని దినాలు చూస్తవే?" అంటాడు. ఒంట్లో బాగున్నప్పుడే ఇది రాసి పెట్టుకోవాలనిపించింది. మా సంఘం ఆడవాళ్లకు కొంత చెప్పాను. అంతా చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మాది దేవరకొండకు దగ్గరి పల్లె. కొంత పత్తి, కొంత కంది, రెండు బర్రెలు. నేను పదో తరగతి దాకా చదివాను. ఊళ్లో మహిళా సంఘాన్ని ఏళ్ల తరబడి నేనే నడిపిస్తున్నాను. అందరూ విజయక్క అంటారు. మా అన్న తాగీ తాగీ, కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి చనిపోయాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి కిరాణా కొట్లలో కూడా దొంగచాటుగా మందు సీసాలు అమ్మేవారు. ఆడవాళ్లందరినీ వెంటేసుకుని పోయి వాటిని మూయించింది నేనే. అక్కడ కూర్చున్న మగవాళ్లను పేరు పెట్టి పిలిచి, "నీ లివర్ కరాబైతే నీ పిల్లలను ఎవరు సాకాలె?" అని అందరి ముందూ నిలదీసేదాన్ని. వాళ్లలో యాదయ్య ఒకడు. మేకలు కాసుకునేవాడు, వరసకు నన్ను చెల్లె అంటాడు. అతని చేతిలోని సీసా లాక్కుని మోరీలో పారబోసిన రోజు అతను నాతో గొడవ పడలేదు. భుజం మీది తువ్వాలు దులుపుకుని మేకల వెనక వెళ్లిపోయాడు.

కరోనా పోయిన తర్వాత ఒక ఎండాకాలం, మండలంలో ఆరోగ్య శిబిరం పెట్టారు. సంఘం ఆడవాళ్లను నేనే ఆటోల్లో ఎక్కించి తీసుకుపోయాను. అందరితోపాటు నేనూ కడుపు స్కానింగ్ చేయించుకున్నాను. చిన్న వయసు డాక్టరమ్మ తెర వైపు చూస్తూనే అడిగింది.

"మందు అలవాటేమన్న ఉందా అమ్మా?"

"నాకా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"అందరిని అడుగుతమమ్మా. లివర్‌కు కొవ్వు పట్టింది. తాగనోళ్లకు గూడ వస్తది. బరువు తగ్గాలె, అన్నం జర తగ్గించాలె, రోజూ నడవాలె. షుగర్ పరీక్ష చేయించుకొని నెల తర్వాత దవాఖానకు రండి."

ఆమె చెప్పింది అంతే. అందులో భయపడాల్సింది ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. కానీ నాకు లివర్ అన్న మాట తప్ప మరేదీ చెవికెక్కలేదు. మంచం మీద మా అన్న కడుపు కళ్ల ముందు కదిలింది. కాగితం కూడా తీసుకోకుండా లేచి వచ్చేశాను. బయట వరసలో నిలబడ్డ మణెమ్మ, "ఏమన్నరక్కా?" అని అడిగింది.

"గ్యాస్ అన్నరు," అన్నాను.

ఊరికి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అందరూ నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం హోటల్ దగ్గర కూర్చునే మగవాళ్లు ఏమంటారో ఊహించుకుంటున్నాను. "మాకు నీతులు చెప్పి, ఇంట్ల తలుపేస్కొని తాగుతుండెనా?" ఆ మాట ఎవరూ అనలేదు. కానీ ఆ రోజు నుంచి నా చెవుల్లో అది మోగుతూనే ఉంది.

దవాఖానకు పోతే ఎవరైనా చూస్తారు. ఇంట్లోనే ఎవరికీ తెలియకుండా బాగుచేసుకుందామనుకున్నాను. ఫోన్‌లో వెతికితే వీడియోలకు కొదవ లేదు. కాలేయాన్ని కడిగేసే కషాయం, లోపలి విషాలను బయటికి తోసే రసం, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. కడిగేయడం అన్న మాట నాకు బాగా నచ్చింది. గిన్నె కడిగినట్టు కడిగేస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా. కరోనా అప్పుడు ఊళ్లో అందరూ నాటినట్టే మేమూ కంచె మీదికి తిప్పతీగ పాకించాం. రోజూ పొద్దున దాని కాడలు కోసి, దంచి, పసుపు వేసి, నీళ్లు సగమయ్యేదాకా మరిగించి తాగేదాన్ని. మధ్యలో కాకరకాయ రసం. రాత్రి అన్నం మానేశాను. చెరువు కట్ట దాకా నడిచేదాన్ని.

లింగయ్య అడిగితే, "బరువు తగ్గనీకి," అన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

బరువు నిజంగానే తగ్గింది. అన్నం తగ్గించి నడిచినందుకే తగ్గి ఉంటాను. నేను మాత్రం అంతా కషాయం మహిమే అనుకున్నాను. జాకెట్లు వదులయ్యాయి. సంఘం మీటింగులో అందరూ నన్నే చూశారు.

"ఏం తాగుతున్నవక్కా? మొఖానికి గింత కళ వచ్చింది," అని మణెమ్మ అడిగింది.

నోరు మూసుకుని ఉండాల్సింది. మెచ్చుకునేసరికి ఆగలేకపోయాను. "తిప్పతీగ. లోపలంత కడిగినట్టయితది. మీరు గూడ తాగున్రి," అన్నాను. మరునాడు నా చేత్తోనే కాడలు కోసి కట్టలు కట్టి ముగ్గురికి ఇచ్చాను. మణెమ్మ, పద్మ, మా వెనక వీధి శైలజ. శైలజ చిన్నపిల్ల. కాన్పు తర్వాత ఒళ్లు వచ్చిందని బాధపడుతుండేది. నేనేం చెప్పినా తలూపేది. కనిపించినప్పుడల్లా వాళ్లను, "తాగుతున్నరా లేదా?" అని అడిగేదాన్ని. ముగ్గురూ, "తాగుతున్నమక్కా," అనేవాళ్లు.

వానలు మొదలైన తర్వాత నాకు నీరసం పట్టుకుంది. తాలింపు వాసనకే కడుపులో తిప్పేది. అరచేతులు, అరికాళ్లు దురద. మళ్లీ ఫోన్‌లోనే వెతికాను. విషాలు బయటికి పోయేటప్పుడు మొదట్లో ఇట్లాగే ఉంటుందని ఒకాయన నవ్వుతూ చెప్పాడు. అంటే పని చేస్తున్నదన్నమాట. ఒక పూట తాగేదాన్ని రెండు పూటలు చేశాను. శైలజ దారిలో కలిసి, "నాకు జర వికారమైతాందక్కా," అంటే, ఫోన్‌లో ఆయన చెప్పిన మాటే నా మాటగా చెప్పాను. "లోపలి కరాబు పోయేటప్పుడు గట్లనే ఉంటది, మానకు."

తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. మొదట కిటికీ దగ్గర అద్దంలో చూసుకుని వెలుతురు తేడా అనుకున్నాను. బయటికి పోయి చూసుకున్నాను. ముఖం, మెడ కూడా అదే రంగు. అది శ్రావణమాసం. ఆడవాళ్లం ముఖానికి పసుపు రాసుకోవడం ఎవరికీ వింతగా అనిపించదు. శుక్రవారం ఒక్కనాడు రాసుకునేదాన్ని రోజూ రాసుకోవడం మొదలుపెట్టాను. ముఖానికి, మెడకు, చేతులకు, పాదాలకు దట్టంగా పట్టించేదాన్ని. ఎవరైనా మాట్లాడితే కళ్లు దించుకునేదాన్ని. "విజయక్కకు ఈ యేడు భక్తి ముదిరింది," అని పద్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు కూడా నాకు ఒళ్లు ముడుచుకుపోతుంది.

మా బిడ్డ స్వాతి నల్లగొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నది. సెలవుకు వచ్చి, సంచి కూడా దించకుండా నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, పసుపు కండ్లల్ల గూడ పెట్టుకున్నవా?"

పక్కనే బర్రెకు గడ్డి వేస్తున్న లింగయ్య ఆగిపోయాడు. దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎండ వైపు తిప్పాడు. చెంబుతో నీళ్లు తెచ్చి, "కడుక్కో," అన్నాడు. కడుక్కున్నాను. తువ్వాలకు పసుపంతా అంటింది. నా ముఖం మాత్రం పచ్చగానే ఉంది. ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"ఎన్ని దినాల సంది?"

చెప్పాను. శిబిరంలో డాక్టరమ్మ అన్న మాట కూడా చెప్పాను.

"నాతోని ఒక్కముక్క చెప్పొద్దా?"

"మా అన్నకొచ్చిందే నాకొచ్చిందంటరు. నేను గూడ తాగిన్నంటరు."

"అనేటోళ్లు అంటరే. నువ్వు సచ్చిపోతే ఏమంటరు?" అని అరిచాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన అట్లా అరవడం నేను వినలేదు. స్వాతి లోపలికి పోయి నా బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

దేవరకొండలో చూసి, ఆలస్యం చేయకుండా నల్లగొండ పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అక్కడ హాలు నిండా జనం. బెంచీలు నిండిపోతే గోడల వెంట కింద కూర్చున్నారు. లింగయ్య, స్వాతి చీటీ కోసం వరసలో ఉన్నారు, నేను నిలబడలేక గోడకు ఆనుకున్నాను. అప్పుడు ముందు బెంచీ మీద నుంచి ఒకతను లేచి, "చెల్లె, ఈడ కూసో," అన్నాడు.

యాదయ్య. సగమైపోయాడు. పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. కాళ్లకు వాపు. అతని కళ్లు కూడా నా కళ్ల రంగే. భార్య చనిపోయింది, కొడుకు కోస్గి దగ్గర కూలి పనిలో ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు. నేను కొంగు తల మీదికి లాక్కుని, అతని ముఖం చూడకుండా ఆ బెంచీ మీద కూర్చున్నాను. కనీసం నువ్వెట్లా ఉన్నావని అడగలేదు.

నర్సమ్మ వరసగా అందరినీ అడుగుతూ వచ్చింది. హాలంతా వినిపించే గొంతు.

"మందు తాగుతవా అమ్మా? కల్లు, సారా, ఏదన్న?"

నా చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. నేను మాట్లాడేలోపే వెనక నుంచి యాదయ్య అన్నాడు.

"ఆమె తాగది మేడం. మా ఊర్ల తాగుడు బందు జేయించిందే ఆమె. నేను ఇనలే, నాకొచ్చింది. ఆమెకెందుకొచ్చిందో మీరే చూడాలె."

నర్సమ్మ తలూపి రాసుకుని ముందుకు పోయింది. నేను తల ఎత్తలేకపోయాను. నా తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆ హాలులో ఉన్నది అతనొక్కడే.

నన్ను వార్డులో చేర్చుకున్నారు. రక్తం తీసి ఏవేవో పరీక్షలు చేశారు. మామూలుగా వచ్చే కామెర్లు కావన్నారు. పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి అడిగాడు.

"చెట్ల మందులు, పసర్లు, పొడులు ఏమన్న తీసుకున్నారా?"

"పొద్దుగాల ఏదో కషాయం..." అని లింగయ్య అనబోయాడు.

"దాల్చినచెక్క నీళ్లు సార్," అని మధ్యలోనే అందుకున్నాను.

లింగయ్య నన్ను చూశాడు. నేను ఎందుకు అబద్ధం చెప్పానో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు. గర్భిణి ఆడవాళ్లను నాటు మందుల జోలికి పోవద్దని దవాఖానకు లాక్కుపోయేదాన్ని నేనే. ఫోన్ చూసి కషాయం కాచుకున్నానని, అది ఇంకో ముగ్గురికి పంచానని చెప్పడానికి నాలుక తిరగలేదు. ప్రాణం మీదికొచ్చినా పరువే ముందు కనిపించింది.

తర్వాతి రోజుల్లో నాకు సరిగా తెలివి ఉండేది కాదు. తిన్నది ఉండేది కాదు. ఒకసారి స్వాతి పేరు గుర్తు రాక ఆమెను మా అక్క పేరుతో పిలిచానట. ఆ పిల్ల వరండాలోకి పోయి ఏడ్చింది. ఇట్లాగే ఉంటే హైదరాబాద్ పంపాల్సి వస్తుందని డాక్టర్లు అన్నారు. యాదయ్య మగవాళ్ల వార్డులో ఉండేవాడు. నడవగలిగినప్పుడు మెల్లగా వచ్చి, వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయో లింగయ్యకు చూపించాడు. తన చాప ఇచ్చాడు. "ఫికర్ జెయ్యకు బావా, ఆమె గట్టిది," అనడం నాకు మగతలో వినిపించేది. నేను నిద్ర నటించేదాన్ని.

ఒక మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. శైలజ.

"అక్కా, ఎట్లున్నవు? తిన్నవా? జర ఒకటడుగుదామని చేసిన," అంది. గొంతు నీరసంగా ఉంది. "నాకు వారం సంది ఏం తిన్నా ఇముడ్తలేదు. చేతులు ఒకటే దురద. లోపలి కరాబు పోతదని నువ్వు చెప్పినవు గద. రెండు పూటలు తాగుతున్న. ఇంక జర ఎక్కువ చెయ్యాల్నా అక్కా?"

నేను దవాఖాన మంచం మీద ఉన్నానని ఆమెకు తెలుసు. అయినా నా కషాయం మీద నమ్మకం పోలేదు. ఎందుకు పోతుంది? నేను ఎవరికీ నిజం చెప్పలేదు కదా.

"పారబొయ్యి శైలా," అన్నాను. "ఇప్పుడే పారబొయ్యి. ఒక్క చుక్క తాగకు. రేపు పొద్దుగాలే నల్లగొండకు రా."

"ఎందుకక్కా?"

"నాకు దాంతోనే వచ్చిందేమో."

అటువైపు నుంచి పిల్లవాడి ఏడుపు వినిపించింది.

లింగయ్యను పిలిచి డాక్టరును తీసుకురమ్మన్నాను. ఆయన వచ్చినప్పుడు వార్డు గుమ్మం దగ్గర యాదయ్య కూడా ఉన్నాడు. అతని ముందే చెప్పాను. తిప్పతీగ, ఎంత, ఎన్ని పూటలు, ఎప్పటి నుంచి, ఎవరెవరికి ఇచ్చాను, అంతా. దాల్చినచెక్క అబద్ధమని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దీంతోనే వచ్చిందని ఒట్టేసి చెప్పలేనమ్మా. కానీ ఇది తాగినోళ్లలో కొందరికి ఇట్లా కావడం మేం చూస్తున్నం. మొదటి రోజే చెప్పి ఉంటే మాకు ఇన్ని దినాలు దండుగ కాకపోయేవి." తర్వాత అన్నాడు, "మీకు మొదట ఉన్నది కొవ్వు. దానికి నడక, తిండి చాలు. లివర్‌ను ఎవరూ కడగనక్కర్లేదు. ఆ పిల్లను తప్పకుండా రమ్మనండి."

ఆయన వెళ్లిపోయాక లింగయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. యాదయ్య గుమ్మంలోనే ఉండి, "పోనీ చెల్లె, చెప్పినవు గద," అన్నాడు. ఆ ఒక్క మాట అని, గోడ పట్టుకుంటూ తన వార్డుకు పోయాడు.

మరునాడు శైలజ వచ్చింది. వెంట ఆమె భర్త రమేశ్. రక్త పరీక్షలో ఆమెకు కూడా లివర్ దెబ్బతిన్నట్టు వచ్చింది. నా అంత కాదు, మానేస్తే తగ్గుతుందన్నారు. రమేశ్ నా మంచం దగ్గరికొచ్చాడు.

"నువ్వు చెప్తే దేవుడు చెప్పినట్టే అనుకున్నది అక్కా. పాలు తాగే పిల్లగాడున్నడు ఇంట్ల. నీకు కండ్లు పచ్చగైనప్పుడన్న చెప్పొద్దా?"

వార్డంతా చూస్తున్నది. శైలజ అతని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. పోతూ నా వైపు చూడలేదు.

మణెమ్మకు, పద్మకు కూడా ఫోన్ చేయించాను. మణెమ్మ వెంటనే అంది, "అయ్యో అక్కా, మేం రెండో దినమే మిరపచెట్లకు పోసినం. గంత చేదు ఎవరు తాగుతరు? నువ్వు అడిగినప్పుడల్లా తాగినమని చెప్పినం. లేకుంటే నువ్వు ఊకోవు గద."

స్వాతి అది విని నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఊళ్లో ఆడవాళ్లకు నేనంటే గౌరవం అనుకున్నాను. వాళ్లు నన్ను చూసి భయపడుతున్నారు. భయపడిన వాళ్లు బతికిపోయారు, నమ్మిన పిల్ల జబ్బు పడింది.

హైదరాబాద్ పోవాల్సిన అవసరం రాలేదు. మందులు మార్చిన తర్వాత మెల్లగా తిండి ఇమడసాగింది. దురద తగ్గింది. ఇంటికి రాగానే లింగయ్య కంచె మీది తీగను వేళ్లతో సహా పీకేశాడు. బతుకమ్మ పండుగకు నేను బయటికి పోలేదు. ఇంట్లో పడుకుని పాటలు విన్నాను. శైలజ గొంతు కోసం వెతికాను. వినిపించలేదు.

కాస్త నడవగలిగాక సంఘం మీటింగుకు పోయాను. కషాయం సంగతి, నేను రోగం దాచిన సంగతి చెప్పాను. పసుపు సంగతి చెప్పలేకపోయాను. డాక్టరుకు ఆడిన అబద్ధం కూడా చెప్పలేకపోయాను. అవి ఇక్కడ రాశాను. నేను భయపడినట్టే హోటల్ దగ్గర ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు నేను ఊహించుకున్నంత పెద్దదేమీ కాదు. మధ్యాహ్నానికి మర్చిపోయి పత్తి ధర గురించి మాట్లాడుకున్నారు. దాని కోసమా నేను ఇంత చేసింది అనిపించింది.

యాదయ్య కూడా ఇంటికి వచ్చాడు. తాగడం లేదు. కానీ కడుపులో నీళ్లు చేరుతూనే ఉన్నాయి, తీయించుకోవడానికి నల్లగొండ పోతుంటాడు. నేను పరీక్షలకు పోయే రోజు ఒకే బస్సులో పోతాం. నా అబద్ధం గురించి అతను ఊళ్లో ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. సీసా పారబోసిన రోజు గురించి మాట్లాడబోతే, "అది మంచిపనే గద చెల్లె," అని కిటికీ బయటికి చూస్తాడు. నాకు నయమవుతున్నది, అతనికి కావడం లేదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఎవరమూ అనం.

శైలజకు పూర్తిగా తగ్గిందని మణెమ్మ ద్వారా తెలిసింది. మా ఇంటికి మాత్రం రాలేదు. దారిలో కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేది. నేను పిలవలేదు. పిలిచే ముఖం లేదు.

కందులు కోసిన తర్వాత ఒక పొద్దున ఆమె మా గుమ్మంలో నిలబడింది. భుజం మీద పిల్లవాడు, చేతిలో మందు సీసా.

"రమేశ్ ఊర్ల లేడు. పిల్లగానికి రాత్రి సంది జ్వరం. అప్పుడెప్పుడో తెచ్చిన మందుంది. ఎంత పొయ్యాలెనో..." అని ఆగింది.

ఇదివరకైతే సీసా చూడకుండానే చెప్పేదాన్ని. ఊళ్లో సగం మంది పిల్లలకు నేను చెప్పిన కొలతే పోశారు.

"నాకు తెల్వది శైలా," అన్నాను. "పద, దవాఖానకు పోదాం."

ఆటోలో ఆమె ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం. గుంతల దారిలో ఆటో ఊగినప్పుడు పిల్లవాడు జారి, వాడి కాళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. కాలిపోతున్నాయి. శైలజ చూసింది. వాడిని వెనక్కి లాక్కోలేదు. నేను వాడి పాదాల మీద కొంగు కప్పి, దేవరకొండ వచ్చేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.